కాగితం ఉందా?

 

మెట్టుగూడ మెట్రో స్టేషన్ మెట్లు దిగి, నేను పుట్టి పెరిగిన రైల్వే క్వార్టర్ల పక్కనుంచి ఈ సభకు నడుచుకుంటూ వచ్చాను. నిలబడి చూస్తే ఇది చిత్రమైన చోటు. ఒక పక్క లాలాగూడ వర్క్‌షాపు. నిజాం రైల్వే కాలంలో, 1893లో, మొదలైంది. ఇంకో పక్క తార్నాక. అక్కడ ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధనశాలలు, ఇంగ్లిషు విశ్వవిద్యాలయం, ఇంకాస్త ముందుకు ఉస్మానియా. ఇటు పానా పట్టుకుని పని నేర్చుకునే కుర్రాళ్లు, అటు పిపెట్ పట్టుకునో పాత తాళపత్రం పట్టుకునో నేర్చుకునే కుర్రాళ్లు. ఇద్దరికీ నెల నెలా కొంత డబ్బొస్తుంది. దాన్ని జీతమని ఇటూ అనరు, అటూ అనరు. వీళ్లిద్దరిలో చట్టం ఎవరిని బాగా చూసుకుంటోంది అన్నదే నా ఉపన్యాస విషయం. జవాబు చాలామంది అనుకునేది కాదు.

ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రంలో లేదని కొందరు అడిగారు. ఇంటివాళ్లు పెట్టిన షరతు అది. ఫొటో వద్దు, దండ వద్దు, పేరు వద్దు, విషయం మాత్రం పనికొచ్చేది కావాలన్నారు. కాలనీలో మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం, నేనూ అలాగే అంటాను. వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, ఫిట్టరై, యూనియన్ పనిలో పడి, 1974 మే రైల్వే సమ్మెలో ఆ ఇరవై రోజులూ బయటే ఉండి, చివరికి కాలనీ మొత్తానికి దరఖాస్తులు రాసిపెట్టే మనిషిగా మిగిలాడు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఆయన మొదటి మాట ఒకటే: "కాగితం ఉందా?"

2008లో నేను జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు, అంటే జేఆర్ఎఫ్‌తో పీహెచ్‌డీలో చేరాను. విశ్వవిద్యాలయం ఏదో చెప్పను, ఇప్పుడు అవసరం లేదు. నెలకు 12,000. మా నాన్న చేతికొచ్చే పెన్షన్ కన్నా ఎక్కువని అమ్మ పొంగిపోయింది. రెండేళ్లు నిండాక జేఆర్ఎఫ్‌ను సీనియర్ ఫెలోషిప్పు, అంటే ఎస్ఆర్ఎఫ్‌గా మార్చాలి. అందుకు కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే బయటినుంచి ఒక నిపుణుడు రావాలి. ఆయన రాలేదు. ఫైలు కదల్లేదు. అయిదు నెలలు పైసా రాలేదు. చిలకలగూడ కిరాణా కొట్టులో ఖాతా పెరిగింది. కొట్టాయన ఏమీ అనలేదు గానీ, నన్ను చూసినప్పుడల్లా ఆ నోటుపుస్తకాన్ని కొంచెం ముందుకు జరిపేవాడు.

ఒక ఆదివారం బాబాయ్ దగ్గర కూర్చుని ఇదంతా ఏకరువు పెట్టాను. అంతా విని, "కాగితం ఉందా?" అన్నాడు. అవార్డు లెటర్ ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చదివినట్టు చదివాడు. తిరగేసి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఇందులో నువ్వేం చేయకూడదో ఉందిరా. వేరే ఉద్యోగం చేయకూడదు, ఇంకోచోట డబ్బు తీసుకోకూడదు, మధ్యలో మానేయకూడదు. వాళ్లేం చేయాలో ఎక్కడుంది? డబ్బు ఏ తారీఖుకి ఇస్తారు? ఇవ్వకపోతే ఎవర్నడగాలి? నీ సంతకం ఉంది. వాళ్ల తరఫున ఎవరి సంతకం ఉంది?"

లోపలికెళ్లి రేకు పెట్టె తెచ్చాడు. అందులో ఆయన అప్రెంటిస్ కాంట్రాక్టు. పసుపు పచ్చగా మారిన కాగితం, మడతల దగ్గర చిరుగులు. వాళ్ల నాన్న వేలిముద్ర, రైల్వే అధికారి సంతకం, రిజిస్టరు చేసిన నంబరు. "నాకప్పుడు పదిహేడేళ్లు. ఫైలు పట్టడం కూడా సరిగా రాదు. అయినా ఈ కాగితం ఉండె."

ఆ రోజు నాకు కోపమొచ్చింది. పరిశోధన చేసేవాణ్ని తీసుకెళ్లి ఫిట్టరు పక్కన నిలబెట్టాడే అని. అది తగ్గడానికి కొన్నేళ్లు పట్టింది. తగ్గాక, ఆ కాగితం వెనకున్న చట్టాన్ని చదివాను.

1961 నాటి అప్రెంటిస్ చట్టంలో 18వ సెక్షన్ చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు అంటుంది. విశ్వవిద్యాలయాలు పరిశోధకుల గురించి చెప్పేదీ ఇదే: మీరు విద్యార్థులు, ఉద్యోగులు కారు. మాట ఒకటే. కానీ అప్రెంటిస్ చట్టం అక్కడ ఆగదు. కార్మికుడు కాడు అని ఒక చేత్తో తీసేసి, రెండో చేత్తో చాలా ఇస్తుంది. నాలుగో సెక్షన్ ప్రకారం యజమానికీ అప్రెంటిస్‌కూ మధ్య ఒప్పందం రాసుకోవాలి, దాన్ని అప్రెంటిస్‌షిప్ సలహాదారు దగ్గర రిజిస్టరు చేయాలి. కుర్రవాడు మైనరైతే సంరక్షకుడు సంతకం చేయాలి. 13వ సెక్షన్: స్టైపెండ్. 14: ఫ్యాక్టరీల ఆరోగ్య, భద్రత, సంక్షేమ నియమాలు ఇతనికీ వర్తిస్తాయి. 15: పని గంటలు, సెలవులు, సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించరాదు. 16: శిక్షణలో దెబ్బ తగిలితే నష్టపరిహారం. తగాదా వస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా అందులోనే ఉంది.

కార్మికుడు కాడంటూనే ఇన్ని రాశారు. ఎందుకంటే వర్క్‌షాపులో వేలు తెగుతుందని చట్టం రాసినవాళ్లకు తెలుసు. ప్రయోగశాలలో ఆమ్లం చింది కన్ను పోతుందని, ఎముకలు కొరికే చలిలో అర్ధరాత్రి కోల్డ్‌రూమ్‌లో శాంపిళ్లు తీసే పిల్లకు జ్వరమొస్తుందని వాళ్లకు తట్టలేదు. మన దగ్గర చదువు అంటే ఇప్పటికీ చాప, దీపం, గురువుగారి ఇల్లు. అక్కడ నీళ్లు మోసినా శుశ్రూషే.

ఇక పరిశోధకుడి చేతిలో ఏముందో చూద్దాం. జేఆర్ఎఫ్ మొత్తం 2007లో 12,000, 2010లో 16,000, 2014 డిసెంబరు నుంచి 25,000, 2019 జనవరి నుంచి 31,000, 2023 జనవరి నుంచి 37,000. సీనియర్ ఫెలోకు ఇప్పుడు 42,000. హాస్టల్ గది ఇవ్వకపోతే దాని మీద ఇంటి అద్దె భత్యం. అంకెలు వినడానికి బాగున్నాయి. కానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నాలుగేళ్లు గడిచిన సందర్భాలున్నాయి. 2014లోనూ 2018–19లోనూ దేశమంతటా పరిశోధకులు ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కాకే అంకె మారింది. ఈ క్వార్టర్లలో ఉన్న ఏ ఉద్యోగికైనా కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, జనవరికీ జూలైకీ, లెక్కగడతారు. దానికోసం ఎవరూ ధర్నాకు జంతర్ మంతర్ వెళ్లనక్కర్లేదు. ఫెలోషిప్పుకు అలాంటి సూత్రం లేదు. పెరిగితే దయ, పెరగకపోతే ఓపిక.

పైగా ఇది జాతీయ అర్హత పరీక్ష నెట్ గెలిచినవాళ్ల మాట. నెట్ ఫెలోషిప్పు లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి నెలకు 8,000. దాన్నీ ఆపేస్తామని 2015 అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అంటే ఢిల్లీలో విద్యార్థులు ఆ కార్యాలయం ముందే పడుకున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ 8,000 కూడా లేకుండా, జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ రాసేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఇంకో కొసన 2018లో వచ్చిన ప్రధానమంత్రి ఫెలోషిప్పు, మొదటి రెండేళ్లూ నెలకు 70,000. ఒకే ఊళ్లో, ఒకే డిగ్రీకి, ఒకే రకం పనికి 70,000, 37,000, 8,000, సున్నా. ఏ ఫ్యాక్టరీలోనైనా ఇలా ఉంటే గేటు ముందు మీటింగు పెట్టేవాళ్లని బాబాయ్ అనేవాడు.

మొత్తం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది తారీఖు. ఇప్పుడు డబ్బు బ్యాంకు పోర్టల్ ద్వారా నేరుగా ఖాతాలో పడుతుంది. ఒకప్పటి కన్నా మేలే. కానీ నెల నెలా సంస్థ ధ్రువీకరించాలి. 'మేకర్' అని ఒకరు నమోదు చేయాలి, 'చెకర్' అని ఇంకొకరు సరిచూడాలి. చెకర్ సెలవులో ఉంటే ఆ నెల అంతే. ఆయన ఊటీ వెళ్తే ఇక్కడ గది అద్దె ఆగుతుంది.

ఈ ఆలస్యం ఎంత బరువుగా ఉంటుందో మన ఊరికి వేరే చెప్పాలా? 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు వేముల రోహిత్ చనిపోయాడు. ఆ మరణానికి ఉన్న కారణాల గురించి, కులం గురించి దేశం చాలా మాట్లాడింది, మాట్లాడాలి కూడా. నేను ఒక చిన్న సంగతి దగ్గర ఆగుతాను. చివరి ఉత్తరంలో అతను లెక్క రాశాడు. ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు, తనకు రావాలి. అది ఇంటివాళ్లకు అందేలా చూడమన్నాడు. ఒక స్నేహితుడికి సుమారు 40,000 బాకీ ఉందని, అందులోంచి తీర్చమన్నాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న మనిషి బాకీల లెక్క కూడా రాయాల్సి వచ్చింది. ఏడును ఇరవై అయిదు వేలతో హెచ్చవేయండి, సరిపోతుంది. రైల్వేలో ఏడు నెలలు జీతం ఆపాలంటే ఎన్ని ఉత్తర్వులు కావాలి, ఎన్ని నోటీసులివ్వాలి, ఎన్ని అప్పీళ్లుంటాయి? ఫెలోషిప్పు ఆగడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఎవరూ ఏమీ చేయకపోతే చాలు, అదే ఆగిపోతుంది.

కోర్టులేమన్నాయని లాయరు మిత్రులు అడుగుతారు. ఆ కథ కొంచెం సరదాగానే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆడపిల్లల కాలేజీకి బస్సులు నడిపేది, నష్టమొస్తోందని డ్రైవర్లను తీసేసింది. రామ్‌నాథ్ అనే డ్రైవరు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విశ్వవిద్యాలయం పరిశ్రమ కాదు, కాబట్టి కార్మిక చట్టం వర్తించదు పొమ్మని 1963లో కోర్టు అంది. పదిహేనేళ్లకు, 1978లో, బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పును తోసేసి విశ్వవిద్యాలయం కూడా పరిశ్రమేనన్నారు. పాపం, అప్పటికి రామ్‌నాథ్ ఏ బస్సు నడుపుతున్నాడో. సరే, పరిశ్రమ అయింది కదా, అందులో పాఠం చెప్పేవాళ్లు కార్మికులా? గోవాలో సుందరాంబాళ్ అనే టీచరు కేసులో 1988లో అదే కోర్టు కాదంది. బోధన గొప్ప వృత్తి, అది చేతిపనీ కాదు, గుమాస్తా పనీ కాదు అంది. మొత్తానికి మా డిపార్ట్‌మెంటులో తోటమాలికి కార్మిక చట్టం తలుపు తీసే ఉంది, పాఠం చెప్పే నాకు లేదు. నా దగ్గర చదివే పరిశోధకుడి సంగతి ఆ తీర్పుల్లో ఎవరికీ గుర్తే రాలేదు.

నేనిప్పుడు గైడును. కాబట్టి ఈ ఉపన్యాసంలో ఒక మూల నన్ను నేనే నిలబెట్టుకోవాలి. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధకులకు వారానికి 4 నుంచి 6 గంటలు బోధనకో, ల్యాబుకో, పేపర్లు దిద్దడానికో అప్పగించవచ్చు. జేఆర్ఎఫ్ షరతుల్లో ఆ గరిష్ఠం వారానికి పది గంటలు, అదీ వాళ్ల పరిశోధనకు ఉపయోగపడితేనే. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందంటే మా డిపార్ట్‌మెంటులో ఏం జరిగిందో చెప్తాను. ఆరు వారాలు నా స్కాలర్లు ఫైళ్లు కుట్టారు, ఫొటోలకు శీర్షికలు రాశారు, ఎప్పుడో జరిగిన సెమినార్లకు హాజరు పట్టికలు వెతికారు. పరీక్షల ఇన్విజిలేషన్ సరేసరి. నా పుస్తకం ప్రూఫులు ఒకమ్మాయి దిద్దింది. ముందుమాటలో కృతజ్ఞతలు చెప్పాను, అదే కూలి అనుకున్నాను. ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి మా దగ్గర ముస్టర్ లేదు. పీహెచ్‌డీకి ఉన్న ఆరేళ్ల గడువు మీద ఆ అమ్మాయి ఎక్స్‌టెన్షన్ అడిగినప్పుడు మాత్రం "ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?" అని అడిగింది కూడా నేనే.

ఆ యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లోనే స్త్రీలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. మంచిదే. జాగ్రత్తగా చదివితే అది డిగ్రీ గడువు తాలూకు సెలవు. ఆ రోజుల్లో డబ్బు వస్తుందా రాదా అన్నది ఆమెకు ఏ ఫెలోషిప్పు ఉంది, దాని షరతులేమిటి అన్నదాని మీద ఉంటుంది. 8,000 వచ్చే పిల్లకు ఒకలా, 37,000 వచ్చే పిల్లకు ఇంకోలా.

బయటి దేశాల సంగతి క్లుప్తంగా. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎక్కువమంది విశ్వవిద్యాలయ ఉద్యోగులు. మామూలుగా నాలుగేళ్ల ఒప్పందం, సామూహిక ఒప్పందం ప్రకారం జీతం. అక్కడా 2016లో గ్రోనింగెన్‌లో ఒక ప్రయోగం చేశారు. కొందరిని ఉద్యోగులుగా కాక ఉపకారవేతనం తీసుకునే విద్యార్థులుగా చేర్చుకున్నారు. పక్క బల్ల వాడికి పెన్షన్, వీడికి లేదు. గొడవ గొడవైంది, ఆ ప్రయోగాన్ని కొనసాగించలేదు. స్వీడన్‌లో ఉద్యోగ ఒప్పందం మొదట ఏడాదికి మించదు, ఆపైన రెండేసి ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. జర్మనీలో ఒప్పందం ఉంటుంది గానీ తరచు సగం పోస్టుకే. కాగితం మీద సగం, బల్ల దగ్గర పూర్తి. ఉద్యోగి అన్న మాట పడగానే అన్నీ చక్కబడతాయనుకునేవాళ్లు జర్మనీ వెళ్లొచ్చినవాళ్లతో ఒకసారి మాట్లాడితే మంచిది.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది అమెరికా. ఈ కాలనీ నుంచే ఎందరో వెళ్లారు. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పులు (టీఏ, ఆర్ఏ) ఇస్తే ఆఫర్ లెటరులో స్టైపెండ్ ఎంత, ఫీజు మాఫీ ఎంత, ఆరోగ్య బీమా ఎవరు కడతారు, వారానికి ఎన్ని గంటలు అన్నవి ఉంటాయి. వీసా నిబంధన ప్రకారం చదువు నడిచే రోజుల్లో క్యాంపసులో 20 గంటలకు మించకూడదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఇలా పనిచేసే విద్యార్థులు ఉద్యోగులేనని 2016 ఆగస్టులో కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో అక్కడి కార్మిక సంబంధాల బోర్డు తేల్చింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 48,000 మంది దాకా సమ్మెకు దిగారు, క్రిస్మస్ ముందు దాకా సాగింది. మా క్లాసులో "సార్, వాళ్లకు భయం లేదా?" అని అడిగాడొకడు. ఉంటుంది. చేతిలో ఒప్పందం ఉన్నవాడి భయం వేరు, లేనివాడి భయం వేరు.

మరి మనం పరిశోధకుణ్ని ఉద్యోగి చేసేద్దామా? నేను తొందరపడి అవునని చెప్పను. ఫెలోషిప్పును చదువు ఖర్చుకిచ్చే ఉపకారవేతనంగా చూసి ఆదాయపు పన్ను లేకుండా చేశారు. జీతమైతే ఆ మినహాయింపు పోతుంది. ఇంకో భయం కూడా ఉంది. గైడు ఇప్పటికే గురువు, పరీక్షకుడు, సిఫారసు ఉత్తరం రాసేవాడు. అతన్నే యజమానిని కూడా చేస్తే ఇక తిరుగుండదు. సీట్లు తగ్గుతాయన్న మాటా కొట్టిపారేయలేం. ఉద్యోగి అన్న పేరుకోసం పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మన పిల్లలకు లేదు, ఉండనక్కర్లేదు కూడా.

నేనడిగేది అంతకన్నా చిన్నది, బాబాయ్ రేకు పెట్టెలో ఉన్నది. కార్మికుడు కాడంటూనే అప్రెంటిస్‌కు ఇచ్చిన కాగితం. పరిశోధకుడి పేరు ఏదైనా పెట్టుకోండి: విద్యార్థి, ఫెలో, స్కాలర్. రెండు పక్షాల సంతకాలతో ఒక ఒప్పందం ఉండాలి. డబ్బు ఏ తారీఖుకు పడుతుందో, పడకపోతే ఎన్ని రోజుల్లో ఎవరు జవాబివ్వాలో, సంస్థ తన నిధినుంచి ముందుగా ఎంత ఇవ్వాలో అందులో రాయాలి. జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మార్చే కమిటీ గడువులోగా కూర్చోకపోతే మారినట్టే లెక్క అని రాయాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే నా కిరాణా ఖాతా అంత పెరిగేది కాదు. వారానికి ఎన్ని గంటలు ఇతర పని, దాన్ని ఎవరు నమోదు చేస్తారు. గైడు రిటైరైనా, వేరే చోటికి వెళ్లినా, తగాదా వచ్చినా స్కాలరు ఎవరి దగ్గరికి వెళ్లాలి. ల్యాబులో ప్రమాదం జరిగితే ఆసుపత్రి బిల్లు ఎవరిది. ప్రసూతి సెలవులో డబ్బు ఆగదని రాయాలి. దీనికి కొత్త రాజ్యాంగం అక్కర్లేదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ట్రైనీని, అప్రెంటిస్‌ను కూడా ఉద్యోగి అన్న మాటలోనే కలిపేసింది. కావాలనుకుంటే నిర్వచనం ఒక్క గీతతో పెరుగుతుంది.

మా సహాధ్యాపకులొకరు ఈ మాట విని నొచ్చుకున్నారు. గురుశిష్యుల మధ్య స్టాంపు పేపరేమిటన్నారు. పెళ్లికి కూడా శుభలేఖతో పాటు రిజిస్ట్రేషన్ ఉంటోంది కదండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

బాబాయ్ పోయిన తరువాత పిన్నిగారు నన్ను పిలిచి ఒక ఫైలు ఇచ్చారు. అందులో కాలనీవాళ్ల కాగితాల మధ్య నా అవార్డు లెటర్ జిరాక్సు ఉంది. ఎప్పుడు తీయించాడో నాకు తెలియదు. మార్జిన్‌లో పెన్సిలుతో, ఆ గుండ్రటి చేతిరాతతో, నంబర్లు వేసి ప్రశ్నలు రాసుకున్నాడు. పదకొండు ఉన్నాయి. ఇప్పుడు మీకు చెప్పిన షరతులు చాలావరకు ఆయనవే. నేను చేసింది వాటికి సెక్షన్ నంబర్లు వెతకడం.

ఈ ఏడాది నా దగ్గర చేరిన ఇద్దరు స్కాలర్లకు ఆ ప్రశ్నలకు జవాబులు రాసి ఒక పేజీ ఇచ్చాను. వాళ్లు సంతకం చేశారు. ఒకమ్మాయి కలం మూత పెట్టకుండా నా వైపు జరిపి, "మీదీ ఉంటుందా సార్?" అంది. చేశాను. తరువాత రెండు ప్రతులూ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాం. సెక్షన్ ఆఫీసరు చదివాడు, తిరగేసి వెనక చూశాడు, ఇలాంటి ఫార్మాటు మా దగ్గర లేదండీ, పైవాళ్లను కనుక్కుని చెప్తానన్నాడు. నాలుగు నెలలైంది. సంతకాలు రెండూ ఉన్నాయి. ఆఫీసు సీలు పడాల్సిన చోట ఇప్పటికీ ఖాళీయే.